చిన్న తొట్టిలో పగడాలు: నీటి మార్పిడి ఎందుకు, ఎంత, ఎలా?

40 లీటర్ల నీరు పట్టే గాజు తొట్టిలో సైతం పగడాలను సజీవంగా పెంచవచ్చునని గత కొన్ని దశాబ్దాల అనుభవం నిరూపించింది. అయితే సముద్రంలో అలలు, ప్రవాహాలు నిరంతరాయంగా చేసే పనిని ఆ తొట్టిలో మనిషే చేయవలసి ఉంటుంది. ఆ పనుల్లో ప్రధానమైనది నీటి మార్పిడి. అంటే పాత నీటిలో కొంత భాగాన్ని తీసివేసి, అంతే పరిమాణంలో తాజా ఉప్పునీటిని పోయడం.

చూడటానికి ఇది సులభమైన పనే. కానీ దీని వెనుక కొంత రసాయన శాస్త్రం, కొంత గణితం ఉన్నాయి. మన దేశానికి సంబంధించినంత వరకు చట్టం కూడా ఉంది. నీరు మారిస్తే చాలు, పగడాలు ఆరోగ్యంగా ఉంటాయన్న నమ్మకం పాక్షికంగానే నిజం. నీటి మార్పిడి ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలుసుకోవడం అవసరం.

పగడం రాయి కాదు, ప్రాణి

పగడం అనగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది నవరత్నాలలోని ఎర్రని పూస. ఆభరణాల్లో వాడే ఆ పగడం, ప్రవాళ భిత్తికలను నిర్మించే పగడం ఒకటి కావు. భిత్తికలను నిర్మించేవి పాలిప్‌లు అనే చిన్న జీవుల సమూహాలు. ఒక్కొక్క పాలిప్ నీటిలోని కాల్షియం, కార్బొనేట్‌లను గ్రహించి తన అడుగున సున్నపురాయిని పేర్చుకుంటుంది. తరతరాలుగా పేరుకున్న ఆ సున్నపు గూళ్ళే భిత్తికలు.

పాలిప్ కణజాలంలో కంటికి కనిపించని శైవలాలు నివసిస్తాయి. సూర్యకాంతితో అవి తయారుచేసే ఆహారంలో అధిక భాగం పగడానికి చేరుతుంది. ప్రతిగా పగడం వాటికి ఆశ్రయాన్ని, తన వ్యర్థాలలోని నత్రజనిని, భాస్వరాన్ని ఇస్తుంది. పగడాల గోధుమ వన్నెకు ప్రధాన కారణం ఈ శైవలాలే. నీరు అధికంగా వేడెక్కినా, నీటి రసాయన స్థితి ఒక్కసారిగా మారినా ఈ పొత్తు చెడుతుంది. శైవలాలు బయటకు వెళ్ళిపోతాయి. పారదర్శకమైన కణజాలం గుండా తెల్లని సున్నపు అస్థిపంజరం కనిపిస్తుంది. పగడాలు తెల్లబారడం అంటే ఇదే. ఆ స్థితిలో పగడం వెంటనే చనిపోదు, కానీ ఆకలితో ఉంటుంది. పరిస్థితి త్వరగా మెరుగుపడకపోతే మరణిస్తుంది.

తొట్టిలో పేరుకునేవి, తరిగిపోయేవి

చేపలకు వేసిన మేత, అవి విసర్జించిన వ్యర్థాలు తొట్టిలో కుళ్ళి అమ్మోనియాగా మారతాయి. ఇది విషపదార్థం. రాళ్ళపైన, ఇసుకలోన ఉండే బ్యాక్టీరియా దానిని మొదట నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత విషపూరితం కాదు. కానీ బయటకు పోయే దారి లేక పేరుకుపోతుంది. మేతలోని భాస్వరం ఫాస్ఫేట్‌గా మిగులుతుంది. ఇవి మితిమీరితే రాళ్ళమీద నాచు దట్టంగా అలముకుంటుంది. పగడంలోని శైవలాల సంఖ్య పెరిగి, దాని రంగు ముదురు గోధుమగా మారుతుంది. ఫాస్ఫేట్ ఎక్కువైతే సున్నపు గూడు కట్టుకునే వేగం కూడా తగ్గుతుంది.

మరోవైపు కొన్ని పదార్థాలు తరిగిపోతుంటాయి. సహజ సముద్రజలంలో లీటరుకు సుమారు 420 మిల్లీగ్రాముల కాల్షియం, సుమారు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. నీటి క్షారత దాదాపు 7 డిగ్రీలు. బైకార్బొనేట్‌ల మొత్తాన్ని తెలిపే ఈ కొలతను అక్వేరియం నిర్వాహకులు డీకేహెచ్ అని వ్యవహరిస్తారు. గట్టి అస్థిపంజరం కట్టుకునే పగడాలు కాల్షియాన్ని, బైకార్బొనేట్‌లను రోజూ వాడుకుంటాయి. వాటిలో ముందుగా కొరత తెలిసేది క్షారతలోనే.

మూడవది, కంటికి కనిపించని పోరాటం. మృదు పగడాలలో కొన్ని తమ చుట్టూ ఇతర పగడాలు పెరగకుండా నీటిలోకి రసాయనాలను విడుదల చేస్తాయి. సముద్రంలో అవి ప్రవాహంలో కలిసిపోతాయి. 40 లీటర్ల తొట్టిలో వాటికి వెళ్ళే చోటు లేదు. ఉత్తేజిత బొగ్గు వాటిని కొంతవరకు పీల్చుకుంటుంది. మిగిలిన భాగాన్ని తగ్గించే మార్గం నీటి మార్పిడే.

గణితం చెప్పే నిజం

నీటి మార్పిడి అంటే పలుచన చేయడం. ఈ ఒక్క విషయం గ్రహిస్తే దాని పరిమితులు తెలుస్తాయి.

వారానికి 10 శాతం నీరు మారిస్తే పది వారాల్లో నీరంతా కొత్తదవుతుందని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. ప్రతిసారీ తీసే నీటిలో అంతకుముందు పోసిన కొత్త నీరు కూడా కొంత ఉంటుంది. పది మార్పిడుల తరువాత కూడా తొట్టిలో దాదాపు 35 శాతం మొదటి నీరే ఉంటుంది.

ఒక తొట్టిలో వారానికి లీటరుకు 4 మిల్లీగ్రాముల నైట్రేట్ కొత్తగా చేరుతోందనుకుందాం. ప్రతివారం 10 శాతం నీటిని మారుస్తూ పోతే నైట్రేట్ క్రమంగా పెరిగి, చివరకు మార్పిడికి ముందు 40, మార్పిడి తరువాత 36 మిల్లీగ్రాముల వద్ద స్థిరపడుతుంది. అంటే ప్రతి మార్పిడీ ఆ వారంలో చేరిన 4 మిల్లీగ్రాములను మాత్రమే తీసివేయగలుగుతుంది. మార్పిడిని 20 శాతానికి పెంచితే 20, 16 మిల్లీగ్రాముల మధ్య నిలుస్తుంది. మార్పిడి 10 శాతమే ఉంచి, మేతను, చేపల సంఖ్యను సగానికి తగ్గించినా దాదాపు అదే ఫలితం వస్తుంది. నీరు మార్చడం ఎంత ముఖ్యమో, మేత తగ్గించడమూ అంతే ముఖ్యమని ఈ లెక్క చెబుతోంది.

తరిగిపోయే పదార్థాల విషయంలో పరిమితి మరింత స్పష్టం. వేగంగా పెరిగే గట్టి పగడాలున్న తొట్టిలో క్షారత రోజుకు అర డిగ్రీ చొప్పున తగ్గుతోందనుకుందాం. వారం మొదట 8 డిగ్రీలుంటే వారం చివరకు 4.5కు పడిపోతుంది. అప్పుడు 8 డిగ్రీల క్షారత గల కొత్త నీటితో 10 శాతం మారిస్తే వచ్చే పెరుగుదల 0.35 డిగ్రీలు మాత్రమే. అటువంటి తొట్టికి కాల్షియం, బైకార్బొనేట్ ద్రావణాలను రోజూ కొలిచి విడిగా అందించక తప్పదు. మృదు పగడాలు, నెమ్మదిగా పెరిగే రకాలు కొద్దిగా ఉన్న చిన్న తొట్టికి మాత్రం క్రమం తప్పని నీటి మార్పిడే సాధారణంగా సరిపోతుంది.

మితిమీరిన శుభ్రతా ముప్పే

నైట్రేట్, ఫాస్ఫేట్ చెడ్డవైతే వాటిని పూర్తిగా తొలగించడమే మేలన్న అభిప్రాయం ఒకప్పుడు బలంగా ఉండేది. శాస్త్ర పరిశోధనలు దానిని సమర్థించలేదు.

హవాయి దీవుల రాజధాని హొనొలులూలోని వైకీకీ అక్వేరియం తన తొట్టెలకు ఉప్పునీటి బావి నుంచి నీటిని తోడుకుంటుంది. సాధారణ భిత్తికల వద్ద ఉండే నీటికంటే ఆ నీటిలో నత్రజని, భాస్వరం ఎక్కువ, పీహెచ్ తక్కువ. అయినప్పటికీ 57 జాతుల భిత్తి నిర్మాణ పగడాలు అక్కడ పెరిగాయని 1995లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. తొట్టెల్లోకి తాజా నీరు నిరంతరం వస్తూ ఉండటం అక్కడి ప్రత్యేకత. కొలతల్లో ఒకటి ఆదర్శ స్థాయిలో లేనంత మాత్రాన పగడం చనిపోదని ఈ అనుభవం సూచిస్తోంది.

బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరో కోణాన్ని వెలుగులోకి తెచ్చారు. యోర్గ్ వీడెన్‌మన్ నాయకత్వంలోని బృందం ప్రయోగశాల తొట్టెల్లో పగడాలను పరీక్షించింది. నత్రజని పుష్కలంగా ఉండి, ఫాస్ఫేట్ కొరవడినప్పుడు పగడంలోని శైవలాలు బలహీనపడి, వేడికి, కాంతికి తట్టుకోలేక పగడం త్వరగా తెల్లబారుతోందని గమనించింది. అంటే పోషకాలు ఎక్కువ కావడమే కాదు, వాటి మధ్య పొందిక తప్పడమూ ప్రమాదకరమే. యంత్రాలతో, రసాయనాలతో ఫాస్ఫేట్‌ను సున్నాకు దించిన తొట్టెల్లో పగడాలు పాలిపోవడానికి ఇదొక కారణం.

నీటి మార్పిడి పరిమాణాన్ని నిర్ణయించేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నెలకోసారి సగం నీటిని మార్చితే లవణీయత, క్షారత, ఉష్ణోగ్రత, పోషకాలు అన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. వారానికి 10 నుంచి 15 శాతం చొప్పున మారిస్తే పగడానికి ఆ మార్పు దాదాపు తెలియదు. అమ్మోనియా పెరగడం, విషపదార్థం కలవడం వంటి అత్యవసర పరిస్థితిలో మాత్రమే పెద్ద మార్పిడి సమంజసం.

ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు కాదు

చిన్న తొట్టికి పెద్ద శత్రువు ఆవిరి. 40 లీటర్ల తొట్టి నుంచి రోజుకు ఒక లీటరు నీరు ఆవిరైతే, లవణీయత మొదటిరోజే వేయికి 35 వంతుల నుంచి 35.9కి చేరుతుంది. మూడు రోజులు పట్టించుకోకపోతే అది 37.8 అవుతుంది. 400 లీటర్ల తొట్టిలో అదే మూడు లీటర్లు తగ్గితే మార్పు దాదాపు పావు వంతు మాత్రమే. చిన్న తొట్టి నిర్వహణ సులభమన్న భావన ఇక్కడే తప్పుతుంది. పొరపాటును సర్దుకునేటంత నీరు అందులో ఉండదు.

ఆవిరైన నీటి స్థానంలో ఉప్పులేని శుద్ధజలాన్నే రోజూ పోయాలి. అక్కడ ఉప్పునీరు పోస్తే లవణీయత మరింత పెరుగుతుంది. ఈ రోజువారీ భర్తీ వేరు, వారం వారం చేసే నీటి మార్పిడి వేరు.

తెలుగు రాష్ట్రాల వేసవిలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. పగడాలకు 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనువైనది. గది ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో తొట్టి నీరు త్వరగా వేడెక్కుతుంది. నీటిపై చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గవచ్చు. కానీ ఆవిరి పెరుగుతుంది. తీవ్రమైన ఎండలున్న చోట నీటిని చల్లబరిచే యంత్రం తప్పనిసరి అవుతుంది. విద్యుత్ సరఫరా నిలిచిపోతే ప్రవాహం ఆగి, నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. బ్యాటరీతో పనిచేసే గాలి పంపును సిద్ధంగా ఉంచుకోవడం మంచిది.

ఏ నీరు, ఏ ఉప్పు?

బోరు నీటిలో కరిగిన లవణాలు ప్రాంతాన్ని బట్టి ఎంతో తేడాగా ఉంటాయి. పురపాలక సంఘాలు సరఫరా చేసే నీటిలో క్లోరిన్ ఉంటుంది. గొట్టాల నుంచి కొద్దిపాటి రాగి కలిసినా రొయ్యలు, నత్తలు, పగడాలు తట్టుకోలేవు. అందువల్ల పగడాల తొట్టికి ఆర్వో యంత్రంలో శుద్ధిచేసి, ఆపై అయాన్లను తొలగించే రెసిన్ గుండా పంపిన నీటినే వాడతారు. ఇళ్ళలోని తాగునీటి ఆర్వో యంత్రాల్లో చాలావాటికి రుచి కోసం ఖనిజాలను తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది. ఆ నీరు తాగడానికి మంచిదే గాని, తొట్టికి తగినంత శుద్ధమైనది కాదు. కరిగిన ఘనపదార్థాలను చూపే మీటరులో సున్నా వచ్చినప్పుడే ఆ నీరు సిద్ధమైనట్లు.

ఇక ఉప్పు సంగతి. సముద్రపు నీటి నుంచి వచ్చిన కల్లుప్పును తిరిగి నీటిలో కలిపితే సముద్రజలం తయారవుతుందని అనిపించవచ్చు. శ్రీకాకుళం జిల్లా నౌపడ వంటి చోట్ల ఉప్పు మడుల్లో జరిగే ప్రక్రియను గమనిస్తే అది ఎందుకు సాధ్యం కాదో అర్థమవుతుంది. నీరు ఆవిరవుతున్నప్పుడు మొదట సున్నపు లవణాలు, ఆ తరువాత జిప్సం అడుగుకు చేరుతాయి. ఆపై సోడియం క్లోరైడ్ స్ఫటికాలుగా తేలుతుంది. మెగ్నీషియం లవణాలు చివరి చేదునీటిలో మిగిలిపోతాయి. అంటే పగడానికి కావలసిన కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ చాలావరకు కల్లుప్పులోకి రావు. అందుకే అన్ని లవణాలను తగిన పాళ్ళలో కలిపి అమ్మే అక్వేరియం ఉప్పును వాడాలి.

తీరం నుంచి నేరుగా తెచ్చిన నీటితోనూ జాగ్రత్త అవసరం. ఓడరేవులు, కాలువల సమీపంలో కాలుష్యం ఉంటుంది. వర్షాకాలంలో నదుల వరదనీరు కలవడం వల్ల బంగాళాఖాత తీరజలాల లవణీయత బాగా తగ్గుతుంది. లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖలలో ఉన్నటువంటి విస్తారమైన ప్రవాళ భిత్తికలు గోదావరి, కృష్ణా ముఖద్వారాల వద్ద ఏర్పడకపోవడానికి ఆ మంచినీరు, అది మోసుకొచ్చే ఒండ్రు ముఖ్య కారణాలు.

మార్పిడి చేసే పద్ధతి

40 లీటర్ల తొట్టికి వారానికి 4 లీటర్లు మార్చితే సరిపోతుంది. అందుకు దాదాపు 150 గ్రాముల అక్వేరియం ఉప్పు పడుతుంది. కచ్చితమైన మోతాదు ఉప్పు తయారీని బట్టి మారుతుంది. ముందురోజే శుద్ధజలంలో ఉప్పును కొద్దికొద్దిగా కలిపి, చిన్న పంపుతో నీటిని తిప్పుతూ ఉంచాలి. ఉప్పు మీద నీరు పోయరాదు. నీటిలో ఉప్పు వేయాలి. లేకపోతే కాల్షియం సున్నంగా మారి అడుగున పేరుకుంటుంది. మర్నాటికి నీరు తేటగా ఉండాలి.

లవణీయతను రిఫ్రాక్టోమీటర్‌తో చూడాలి. సాపేక్ష సాంద్రత 1.025 నుంచి 1.026 మధ్య ఉండాలి. కొత్త నీటి ఉష్ణోగ్రత, లవణీయత తొట్టి నీటితో సమానంగా ఉన్నాయని నిర్ధారించుకున్న తరువాతే పని మొదలుపెట్టాలి. హీటరు, పంపు ఆపివేయాలి. సన్నని గొట్టంతో ఇసుకపై, రాళ్ళ సందుల్లో పేరుకున్న మడ్డిని లాగుతూ 4 లీటర్లు తీయాలి. కొత్త నీటిని పగడాలపై నేరుగా పడకుండా నెమ్మదిగా పోయాలి. సబ్బు తగిలిన బకెట్‌ను ఎన్నడూ వాడరాదు.

క్షారత, కాల్షియం, నైట్రేట్, ఫాస్ఫేట్‌లను వారానికోసారి, ఎప్పుడూ ఒకే సమయంలో పరీక్షించి నమోదు చేసుకుంటే మార్పుల దిశ తెలుస్తుంది. పాలిప్‌లు రోజుల తరబడి ముడుచుకుని ఉండటం, రంగు పాలిపోవడం, అంచుల్లో కణజాలం వెనక్కి తగ్గి తెల్లని గూడు బయటపడటం ప్రమాద సూచనలు. అవి కనిపించగానే నీరంతా మార్చేయకుండా, ముందుగా లవణీయతను, ఉష్ణోగ్రతను, క్షారతను కొలవాలి.

మరో ముఖ్య హెచ్చరిక. జోయాంథిడ్ జాతికి చెందిన కొన్ని మృదుజీవుల్లో పాలిటాక్సిన్ అనే అత్యంత ప్రమాదకరమైన విషం ఉంటుంది. ఈ జీవులున్న రాళ్ళను వేడినీటితో కడగడం, ఉడికించడం, బ్రష్‌తో రుద్దడం చేయరాదు. ఆ ఆవిరిని పీల్చినవారు ఆసుపత్రి పాలైన ఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. తొట్టిలో చేయి పెట్టేటప్పుడు చేతితొడుగులు, రాళ్ళను కదిలించేటప్పుడు కళ్ళద్దాలు ధరించాలి.

చట్టం ఏమి చెబుతోంది?

భిత్తికలను నిర్మించే పగడాలన్నింటినీ, నల్ల పగడాలను, సముద్రపు విసనకర్రలను కేంద్ర ప్రభుత్వం 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. పులికి, ఏనుగుకు ఉన్న స్థాయి రక్షణ వాటికీ ఉంది. 2022 సవరణ తరువాత కూడా అవి మొదటి షెడ్యూలులోనే కొనసాగుతున్నాయి. మన సముద్రాల నుంచి వాటిని సేకరించడం, అమ్మడం, కొనడం నేరం. మొదటి షెడ్యూలు జీవులకు సంబంధించిన నేరాలకు 3 నుంచి 7 సంవత్సరాల జైలుశిక్ష విధించవచ్చు. గట్టి పగడాల అంతర్జాతీయ వాణిజ్యం సైటిస్ ఒప్పందం నియంత్రణలో ఉంది.

కాబట్టి ఎక్కడి నుంచి వచ్చిందో చూపే పత్రాలు లేని పగడాన్ని కొనకపోవడమే పౌరుల కర్తవ్యం. ఉప్పునీటి తొట్టిపై మక్కువ ఉన్నవారికి పగడాలు లేని మార్గం కూడా ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను హేచరీలో పునరుత్పత్తి చేయించే పద్ధతులను రూపొందించింది. అలా పుట్టిన చేపల వల్ల సముద్రంలోని భిత్తికలకు నష్టం ఉండదు.

తీసిన నీటిని, అందులోని నాచును, జీవులను సముద్రంలోనో కాలువలోనో వదలరాదు. 1984లో మొనాకోలోని సముద్ర విజ్ఞాన మ్యూజియం ఎదుట ఒక చదరపు మీటరు మేర కాలెర్పా టాక్సిఫోలియా అనే పచ్చని శైవలం కనిపించింది. అది అక్వేరియంల నుంచి వచ్చిన రకం. తరువాతి సంవత్సరాల్లో మధ్యధరా సముద్రంలో వేల హెక్టార్లకు విస్తరించి, అక్కడి సహజ సముద్రపు గడ్డి మైదానాలను దెబ్బతీసింది. 2000లో అదే రకం అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో కనిపించినప్పుడు దాని నిర్మూలనకు ఆరేళ్ళు పట్టింది.

తొట్టిలో పాఠం, సముద్రంలో పరీక్ష

1998, 2010 సంవత్సరాల్లో, 2014 నుంచి 2017 వరకు ప్రపంచవ్యాప్తంగా పగడాలు భారీగా తెల్లబారాయి. అటువంటి నాలుగవ ఘటన జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ప్రకటించింది. అదే ఏడాది లక్షద్వీప్‌లోనూ పగడాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. సాధారణ వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ అధికంగా కొన్ని వారాలు కొనసాగితే చాలు, భిత్తికలు తెల్లబారడం మొదలవుతుంది.

తొట్టెల్లో సంపాదించిన అనుభవం ఇప్పుడు సంరక్షణకు ఉపయోగపడుతోంది. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో చంద్రకాంతిని, రుతువుల ఉష్ణోగ్రతలను కృత్రిమంగా అనుకరించి పగడాల చేత అండాలు విడుదల చేయించారు. 2019లో ఫ్లోరిడా అక్వేరియం అట్లాంటిక్ స్తంభ పగడాలను తొలిసారిగా కృత్రిమ పరిస్థితుల్లో సంతానోత్పత్తి చేయించగలిగింది. తూత్తుకుడి, రామేశ్వరం మధ్య 21 దీవులను చుట్టుకుని ఉన్న మన్నార్ సింధుశాఖ భిత్తికల్లో పగడపు ముక్కలను నాటి పునరుద్ధరించే ప్రయత్నాలు కొనసాగుతున్నాయి.

నీరు కలుషితమైతే తొట్టిలో 4 లీటర్లు మార్చవచ్చు. వేడెక్కితే చల్లబరచవచ్చు. లక్షద్వీప్ చుట్టూ ఉన్న నీటిని ఎవరూ మార్చలేరు. అక్కడ సాధ్యమైనది వేడిని పెంచే వాయువులను తగ్గించడం, మురుగును, ఒండ్రును సముద్రంలోకి పోకుండా అరికట్టడం, మిగిలిన పగడాలను తాకకుండా వదిలేయడం. చిన్న తొట్టిని నిజాయితీగా నిర్వహించేవారికి ఒక్క డిగ్రీ తేడా ఎంత పెద్దదో ప్రతి వేసవిలోనూ తెలుస్తూనే ఉంటుంది.